బ్రాంచి నుంచి స్నేహాల దాకా: యూనివర్సిటీ మొదటి ఏడాదికి సమగ్ర మార్గదర్శి

ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో గడిపిన పిల్లల్ని మొదటి రోజు క్లాసులోనే గుర్తుపట్టొచ్చు. బెల్ కొట్టినా, పీరియడ్ అయిపోయినా, ఎవరో వెళ్లమనేదాకా బెంచీలోనే కూర్చుంటారు. ఆ రెండేళ్లూ వాళ్లని నిద్ర లేపింది బెల్. రాత్రి పదింటిదాకా స్టడీ అవర్‌లో కూర్చోబెట్టింది ఇన్‌ఛార్జి. పక్కన ఎవరు కూర్చోవాలో చెప్పింది సెక్షన్ లిస్టు. స్నేహితుణ్ని కూడా వాళ్లు ఎంచుకోలేదు, మార్కులే ఎంచి పక్కన కూర్చోబెట్టాయి.

పదహారేళ్లుగా నేను ఇంజినీరింగ్ మొదటి ఏడాది వాళ్లకు లెక్కలు చెబుతున్నాను. తెలివిగల పిల్లలే వస్తారు. కానీ సొంతంగా ఏదైనా ఎంచుకున్న అలవాటు చాలామందికి ఉండదు. సరిగ్గా అప్పుడే రెండు పెద్ద ఎంపికలు ఒక్కసారిగా మీద పడతాయి: ఏ బ్రాంచి చదవాలి, ఎవరితో కలిసి తిరగాలి. ఈ రెండింటికీ నాకు తెలిసిన దారి ఒక్కటే. ముందు కొంచెం రుచి చూడాలి, ఆ తర్వాతే తేల్చుకోవాలి. ఎక్కువగా బీటెక్ గురించే రాస్తున్నాను, డిగ్రీలో చేరేవాళ్లకు పనికొచ్చేవి మధ్యలో చెబుతాను.

మొదటి అడుగు: రెండో ఏడాది సిలబస్ తెరిచి చూడండి

బ్రాంచి పేరు చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ. మొదటి ఏడాదిలో ఎవరైనా దాదాపు అవే చదువుతారు: మ్యాథ్స్, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, సీ ప్రోగ్రామింగ్, ఇంగ్లిష్, డ్రాయింగ్, వర్క్‌షాప్. అసలు బ్రాంచి మొదలయ్యేది రెండో ఏడాదిలోనే. కాబట్టి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో సిలబస్ కాపీ దించుకుని, నేరుగా రెండో ఏడాది పేజీకి వెళ్లండి.

అక్కడ ఏముంటుందో స్థూలంగా చెబుతాను. సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్)లో డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథమెటిక్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, డేటాబేస్‌లు ఉంటాయి. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్)లో ఎలక్ట్రానిక్ డివైసెస్, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, ప్రాబబిలిటీ. ఈఈఈ (ఎలక్ట్రికల్)లో ఎలక్ట్రికల్ మెషీన్స్, నెట్‌వర్క్ థియరీ, ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్. మెకానికల్‌లో థర్మోడైనమిక్స్, మెకానిక్స్ ఆఫ్ సాలిడ్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్. సివిల్‌లో సర్వేయింగ్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, జియాలజీ. ఈసీఈ అంటే సెల్‌ఫోన్లు విప్పి చూడటం అనుకుని చేరిన పిల్లాడు సిగ్నల్స్ క్లాసులో ఫోరియర్ సిరీస్ లెక్కలు ఎదురయ్యేసరికి డీలా పడిపోతాడు. ఇంటర్‌లో ఇంటిగ్రేషన్ అంటే ఇష్టపడ్డ పిల్లకి అదే సబ్జెక్టు పండగలా ఉంటుంది.

ఇంకో మాట. సీట్లు కేటాయించే తెలంగాణ కౌన్సెలింగ్‌లో సీఎస్‌ఎం, సీఎస్‌డీ అని కోడ్‌లు కనిపిస్తాయి. మొదటిది ఏఐ అండ్ మెషీన్ లెర్నింగ్, రెండోది డేటా సైన్స్. తొలి రెండేళ్లలో ఇవి మామూలు సీఎస్‌ఈకి చాలా దగ్గరగా ఉంటాయి, తేడా ఎక్కువగా మూడో ఏడాదిలో కనిపిస్తుంది. ఈ పేర్ల మధ్య తేడా గురించి నిద్ర మానుకోనక్కర్లేదు. ఆ సబ్జెక్టులు చెప్పడానికి కాలేజీలో మనుషులున్నారా లేదా అన్నది మాత్రం తప్పకుండా కనుక్కోండి.

సిలబస్ చూశాక, మనసులో ఉన్న రెండు మూడు బ్రాంచీలకు ఒక్కోదానికి రెండు సాయంత్రాలు కేటాయించండి. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్‌లో ఈ సబ్జెక్టులన్నింటికీ పాఠాలున్నాయి, ఉచితంగా చూడొచ్చు. మొదటి పాఠం వద్దు, అది ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది. అయిదో పాఠమో ఆరో పాఠమో పెట్టుకోండి. అంతా అర్థం కావాలని లేదు. చూశాక పుస్తకం తీసి ఒక చిన్న లెక్క చేయడానికి ప్రయత్నించండి. లెక్క రాకపోయినా ఫర్వాలేదు. మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ ఆ లెక్క గురించి ఆలోచిస్తే మాత్రం ఆ బ్రాంచిని లిస్టులో ఉంచండి. ర్యాంకు కార్డులో ఈ సంగతి ఉండదు.

ఒకసారి వర్క్‌షాప్ వైపు వెళ్లాను. హౌస్ వైరింగ్ జరుగుతోంది. రెండు స్విచ్చులతో ఒకే బల్బు వెలిగించే మెట్ల వైరింగ్ అది. పిల్లలందరూ బోర్డు మీద బొమ్మ చూసి వైర్లు కలిపేసి, బల్బు వెలగ్గానే రికార్డు మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి మాత్రం ఉండిపోయింది. ఎర్ర వైరు పీకి ఇంకో స్క్రూ కింద పెట్టింది, బల్బు ఆగిపోయింది. మళ్లీ మార్చింది. మూడో స్విచ్చు చేరిస్తే ఎలాగని నోట్‌బుక్ వెనక పేజీలో గీసుకుంటోంది. ఇన్‌స్ట్రక్టర్ తాళాలు చేతిలో పట్టుకుని పది నిమిషాలు నిలబడ్డారు. ఆ అమ్మాయి చదివేది సీఎస్‌ఈ. ఎందుకు తీసుకున్నావమ్మా అని అడిగితే, "అందరూ అదే బాగుంటుందన్నారు సార్" అంది. సీఎస్‌ఈలోనూ ఆమె బాగానే చదివింది, తర్వాత ఐఓటీ (వస్తువులను ఇంటర్నెట్‌కు కలిపే టెక్నాలజీ) వైపు ఎలక్టివ్‌లు, అంటే మనమే ఎంచుకునే సబ్జెక్టులు, తీసుకుంది. కానీ కౌన్సెలింగ్‌కు ముందే ఆ నోట్‌బుక్ వెనక పేజీని ఎవరైనా చూసి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండో అడుగు: అడగాల్సిన వాళ్లని అడగండి

బాబాయ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే సీఎస్‌ఈ అంటారు, మామయ్య కరెంటు ఆఫీసులో ఉంటే ఈఈఈ అంటారు. వాళ్ల ప్రేమను తప్పుపట్టలేం. కానీ వాళ్లు చదివి ఇరవై ఏళ్లయింది. మీకు కావాల్సింది ప్రస్తుతం మూడో ఏడాది చదువుతున్న ఒక సీనియర్, చదువు పూర్తయి రెండేళ్లయిన ఒకరు, ఆ బ్రాంచిలోంచి బయటికి వచ్చి వేరే పని చేసుకుంటున్న ఒకరు. ఈ మూడోవాళ్లని ఎవరూ అడగరు, నిజానికి ఎక్కువ సంగతులు చెప్పేది వాళ్లే.

"అన్నా, ఈ బ్రాంచి మంచిదేనా?" అని అడిగితే మంచిదేనంటారు. ఇలా అడిగి చూడండి: "అక్కా, పోయిన వారం ఏ సబ్జెక్టుకి ఎక్కువ టైమ్ పట్టింది? ఏం చేస్తూ కూర్చున్నారు?", "ల్యాబ్‌లో మనిషికో కిట్ ఇస్తారా, అయిదుగురికి ఒకటా?", "మీ క్లాసులో క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చినవాళ్లు రోజూ ఏం పని చేస్తున్నారు?" జవాబులు తడుముకోకుండా వస్తే నమ్మొచ్చు.

ఇంట్లో మాట్లాడటం చాలామందికి కష్టమైన ఘట్టం. నా అనుభవంలో వాదన పనిచేయదు, కాగితం పనిచేస్తుంది. ఒక తెల్ల కాగితం మీద రెండు బ్రాంచీల పేర్లు రాసి, ఒక్కోదాని కింద చదవాల్సిన సబ్జెక్టులు, వచ్చే ఉద్యోగాలు, అయ్యే ఫీజు, ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎంత వస్తుందో రాయండి. భోజనాలయ్యాక నాన్న పక్కన కూర్చుని, "నాన్నా, నేను రెండూ చూశాను. ఇది చదవగలననిపిస్తోంది. మీకు ఎక్కడ భయంగా ఉందో చెప్పండి, దాని గురించి కనుక్కొస్తాను" అనండి. తండ్రి భయానికి జవాబు చెప్పినవాడికి అనుమతి దొరకడం నేను చాలాసార్లు చూశాను.

మూడో అడుగు: ఏ తలుపు ఎవరికి తెరుచుకుంటుందో చూసుకోండి

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలావరకు అన్ని బ్రాంచీల వాళ్లనూ తీసుకుంటాయి. సివిల్ సర్వీసెస్‌కు ఏ డిగ్రీ అయినా సరే. కానీ కొన్ని తలుపులు ఆ బ్రాంచి వాళ్లకే తెరుచుకుంటాయి. ట్రాన్స్‌కోలో ఎలక్ట్రికల్ అసిస్టెంట్ ఇంజినీర్ పోస్టుకు ఎలక్ట్రికల్ డిగ్రీ ఉండాలి. నీటిపారుదల, రోడ్లు భవనాల శాఖల్లో సివిల్ ఇంజినీర్ల పోస్టులకు సివిల్ చదివి ఉండాలి. సర్కారు కొలువు మీద గట్టిగా మనసున్నవాళ్లు గొర్రెదాటుగా సీఎస్‌ఈలో చేరిపోతే, నాలుగేళ్ల తర్వాత నోటిఫికేషన్‌లో అర్హతల గడి చదివి బాధపడతారు. ఆ గడి ఇప్పుడే చదవండి. పాత నోటిఫికేషన్లు సర్వీస్ కమిషన్ వెబ్‌సైట్లలో ఉంటాయి.

కాలేజీయా, బ్రాంచియా అని కూడా అడుగుతుంటారు. మీకు పడని బ్రాంచి కోసం పెద్ద కాలేజీకి వెళ్లొద్దు. రెండు బ్రాంచీలూ మీకు పడతాయనుకుంటే మాత్రం కళ్లు మూసుకుని మంచి కాలేజీ తీసుకోండి, ఎందుకంటే పక్కన కూర్చునేవాళ్ల వల్ల నేర్చుకునేది చాలా ఉంటుంది. ఒకే కాలేజీలో సీఎస్‌ఈ సెక్షన్లు ఏడెనిమిది ఉంటే, ఒకసారి స్వయంగా వెళ్లి ల్యాబ్‌లు, లైబ్రరీ, హాస్టల్ మెస్ చూసి రండి. గేటు దగ్గర బ్రోచర్ ఇచ్చేవాళ్లతో కాకుండా క్యాంటీన్‌లో టీ తాగుతున్న పిల్లలతో మాట్లాడండి.

నాలుగో అడుగు: వెబ్ ఆప్షన్లు మీ చేత్తో మీరే పెట్టుకోండి

వెబ్ ఆప్షన్లంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా ఇచ్చే జాబితా. దాన్ని వేరేవాళ్లు పెట్టడం నాకు మంట పుట్టించే విషయం. "మేం పెట్టిస్తాం, మీకెందుకు టెన్షన్" అంటూ పిల్లల లాగిన్ వివరాలు, ఓటీపీలు తీసుకుని, తమకు కమీషన్ వచ్చే కాలేజీలను పైన పెట్టేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. నా దగ్గర చదివిన ఒక పిల్లాడు తన ఆప్షన్ల లిస్టు మొదటిసారి చూసుకుంది సీటు వచ్చాకే. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. నెట్ సెంటర్‌కి వెళ్లక తప్పకపోతే అమ్మానో నాన్ననో వెంట తీసుకెళ్లి, పక్కనే కూర్చోండి.

ఎలా పెట్టాలంటే: ముందు పోయిన ఏడాది ఏ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చెప్పే లాస్ట్ ర్యాంకుల జాబితా దించుకుని మీ కేటగిరీ వరుస చూడండి. కాగితం మీద మీకు నిజంగా ఇష్టమైన వరుసలో రాసుకోండి. అలాట్‌మెంట్ పై నుంచి కిందికి చూస్తూ వస్తుంది. కాబట్టి మీ ర్యాంకుకు రాదేమో అనుకున్న సీటును పైన పెట్టినా కింద ఉన్నదానికి నష్టం లేదు. తక్కువ ఆప్షన్లు పెట్టి ఏ సీటూ రాక మిగిలిపోవడమే అసలు నష్టం. సీటు వస్తే చేరడం ఇష్టం లేని కాలేజీని మాత్రం లిస్టులో అసలు పెట్టొద్దు. ఆప్షన్లు ఖరారు చేశాక ప్రింట్ తీసి దాచుకోండి.

ఐఐటీ, ఎన్‌ఐటీల జోసా కౌన్సెలింగ్‌లో సీటు వచ్చాక ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అని మూడు మాటలు వస్తాయి. ఫ్రీజ్ అంటే ఇదే చాలు. ఫ్లోట్ అంటే నా లిస్టులో దీనికన్నా పైనున్నది ఎక్కడ వచ్చినా వెళ్తాను. స్లైడ్ అంటే ఇదే సంస్థలో పై బ్రాంచి వస్తే చాలు. రాష్ట్ర కౌన్సెలింగ్‌లోనూ చివరి విడత తర్వాత అదే కాలేజీలో మిగిలిన సీట్లలోకి మారే ఇంటర్నల్ స్లైడింగ్ ఉంటుంది. దాని తేదీలు చాలా తక్కువ రోజులు ఉంటాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ప్రభావం ఏమిటో ఆ ఏటి నిబంధనల్లో చూసుకున్నాకే మారండి.

డిగ్రీ వాళ్లకు: తెలంగాణలో 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి ద్వారా చేరుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది, ఒక సబ్జెక్టు మేజర్‌గా (ప్రధానంగా), ఇంకొకటి మైనర్‌గా (తోడుగా). డిగ్రీ నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి అన్నయ్య చదివినప్పటి పద్ధతి మీద ఆధారపడకుండా ఈ ఏటి నోటిఫికేషన్ చదవండి. మేజర్ ఎంపికకు కూడా రెండో ఏడాది సిలబస్ పరీక్షే పెట్టుకోండి. బీఎస్సీలో కెమిస్ట్రీ తీసుకోవాలనుకుంటే, ల్యాబ్‌లో నిజంగా రసాయనాలు ఉన్నాయో లేదో కూడా చూసి రండి.

అయిదో అడుగు: హాస్టల్‌లో మొదటి రాత్రి

అమ్మానాన్న బస్సెక్కి వెళ్లిపోతారు. గదిలో మూడు మంచాలు, ముగ్గురు కొత్త మనుషులు. ఒకడు పెట్టెకి తాళం వేసి తీస్తూ ఉంటాడు, ఇంకొకడు ఫోన్‌లో తల దూర్చేస్తాడు. ఆ రాత్రి చేయాల్సిన పని చాలా చిన్నది. అమ్మ కట్టిచ్చిన సున్నుండల డబ్బా మూత తీసి గది మధ్యలో బల్ల మీద పెట్టండి, తలుపు తెరిచి ఉంచండి. "రా, తీసుకో. మీదే ఊరు?" అంతే చాలు. పక్క గది నుంచి ఒకడు ఆవకాయ తెస్తాడు. ఆ తలుపు మూసుకుని పడుకున్నవాళ్లకు పక్క గదివాళ్ల పేర్లు తెలియడానికి నెల పడుతుంది.

తర్వాతి రెండు వారాలు మెస్‌లో రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చోకండి. క్లాసులోనూ బెంచి మారుతూ ఉండండి. మొదటి వారంలో దొరికిన నలుగురితోనే నాలుగేళ్లూ గడిపేసి, క్లాసులో మిగతా అరవై మంది పేర్లు తెలియకుండా వెళ్లిపోయినవాళ్లని చూశాను. పేరు గుర్తుపెట్టుకోవడం మీద కొంచెం శ్రద్ధ పెట్టండి. రెండోసారి కనిపించినప్పుడు పేరు పెట్టి పిలిస్తే ఎదుటివాళ్ల మొహం విచ్చుకుంటుంది.

మాట ఎలా కలపాలో తెలియనివాళ్లకు పని ఒక మంచి వంతెన. ల్యాబ్ రికార్డు, డ్రాయింగ్ షీటు, రేపటి అసైన్‌మెంట్. "ఈ ఐసోమెట్రిక్ వ్యూ నీకు వచ్చిందా? నాకు ఇక్కడ ఆగిపోయింది" అని అడగడం సిగ్గుపడే విషయం కాదు. అడిగించుకున్నవాడు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాడు.

ఆడపిల్లలూ మగపిల్లలూ వేర్వేరు క్యాంపస్‌లలో రెండేళ్లు చదివి వచ్చి, ఇక్కడ ఒకే ల్యాబ్ బ్యాచ్‌లో పడతారు. కొందరు మాట్లాడటానికే వణుకుతారు. కొందరు మాట్లాడిన మొదటి మనిషినే ప్రేమ అనుకుంటారు. ముందు ఒకరినొకరు తోటి విద్యార్థిగా చూడటం అలవాటు చేసుకోండి. అవతలి మనిషి ఇష్టం లేదన్నప్పుడు అక్కడితో ఆగిపోవాలి. మళ్లీ మళ్లీ అడగడం, స్నేహితులతో చెప్పించడం, మెసేజ్‌లు పెట్టడం వేధింపే అవుతుంది.

ఇంకో విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. చేరిన పది రోజుల్లో మీ ఇంటిపేరు, ఊరు అడిగి కులం కనుక్కుని, "మనవాళ్లం" అంటూ బిర్యానీకి పిలిచే సీనియర్లు వస్తారు. కొత్త చోట ఆ ఆప్యాయత బాగుంటుంది. కానీ ఆ గుంపులో చేరగానే మీకు స్నేహితులు ఎవరు, శత్రువులు ఎవరు అన్నది వాళ్లే నిర్ణయిస్తారు. మళ్లీ సెక్షన్ లిస్టు లాంటిదే. "థ్యాంక్సన్నా, ఇవాళ రికార్డు ఉంది" అని నవ్వుతూ తప్పుకోండి. నాలుగుసార్లు తప్పుకుంటే పిలవడం మానేస్తారు.

ఆరో అడుగు: భాష, డబ్బు, రెండు క్లబ్బులు

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్‌లో నోరు తెరవరు. సబ్జెక్టు రాక కాదు, ఇంగ్లిష్‌లో తప్పు దొర్లుతుందని. నేను వాళ్లకు చెప్పేది ఇది: అడగాలనుకున్న ప్రశ్నను క్లాసులో ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం రాసుకోండి, పీరియడ్ అయ్యాక ఆ కాగితం చూసి చదివి అడగండి. వారానికి రెండు. దసరా సెలవులకల్లా కాగితం అవసరం తగ్గుతుంది. మాస్టారితో తెలుగులో అడిగినా తప్పేం లేదు, అడగకుండా ఉండిపోతేనే నష్టం. రూమ్‌లో ఒక స్నేహితుడితో రోజూ పావుగంట ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకోవాలని ఒప్పందం పెట్టుకున్నవాళ్లు మూడో ఏడాదికి గ్రూప్ డిస్కషన్‌లో ధీమాగా కూర్చున్నారు.

డబ్బు దగ్గర పుట్టినరోజు ట్రీట్లు పెద్ద గండం. ఒకడు రెస్టారెంట్‌కి తీసుకెళ్తాడు, తర్వాతివాడు తగ్గకూడదనుకుంటాడు, నెలాఖరుకు ఇంటికి ఫోన్. మీ గ్రూపులో మొదటి పుట్టినరోజుకే "మనం రూమ్‌లో కేక్, సమోసాలతో చేసుకుందాం" అని ఎవరో ఒకరు అనాలి. ఆ ఒకరు మీరే అవ్వండి, లోలోపల ఊపిరి పీల్చుకునేవాళ్లు కనీసం ఇద్దరుంటారు. లోన్ యాప్‌లూ బెట్టింగ్ యాప్‌లూ ఫోన్‌లో ఉండనే ఉండకూడదు. తెలంగాణలో ఆన్‌లైన్ బెట్టింగ్ మీద 2017 నుంచే చట్టప్రకారం నిషేధం ఉంది. అప్పటికే ఇరుక్కుంటే అప్పు మీద అప్పు చేయకుండా ఇంట్లో చెప్పేయండి. తిట్లు ఒక్కరోజు ఉంటాయి.

క్లబ్బుల సంగతికొస్తే, రెండు చాలు. ఒకటి ఒళ్లు కదిలేది: వాలీబాల్, కబడ్డీ, ఎన్‌సీసీ, ఏదైనా. ఇంకొకటి కొత్త మనుషులను కలిపేది. నాకు ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) అంటే మక్కువ ఎక్కువ. 1969 నుంచి నడుస్తోంది, ఏడాదికి 120 గంటల సేవ చేయాలి. పల్లెటూళ్లో ఏడు రోజుల క్యాంపులో బడి గోడకు సున్నం వేసి, ఒకే గదిలో ముప్పై మంది చాపల మీద పడుకున్న పిల్లలు బ్రాంచీలు మర్చిపోయి స్నేహితులవుతారు. మెకానికల్ పిల్లాడికి సీఎస్‌ఈ స్నేహితుడు దొరికేది అలాంటి చోటే, రేపు మీ బ్రాంచి గురించిన సందేహాలు తీరేది కూడా ఆ స్నేహాల వల్లే.

అటెండెన్స్ మర్చిపోవద్దు. జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్ జేఎన్‌టీయూ) లాంటి చోట్ల 75 శాతం ఉండాలి, 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం చూపి రుసుం కట్టాలి, 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టర్ పోయినట్టే. ఫ్రెషర్స్ డే డాన్స్ ప్రాక్టీసు పేరుతో నెల రోజులు క్లాసులు ఎగ్గొట్టి ఏడాది వెనకబడ్డ మంచి విద్యార్థులు నాకు తెలుసు.

ఏడో అడుగు: ఏదైనా బెడిసికొడితే

ర్యాగింగ్ జరిగితే భరించొద్దు. యూజీసీ 2009లో కఠినమైన నిబంధనలు తెచ్చింది, మన తెలుగు రాష్ట్రాల్లో 1997 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ఆ నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. వీలైతే రూమ్మేట్‌ని కూడా వెంటబెట్టుకుని వార్డెన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

దిగులు విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది పైకి కనిపించదు. చేరిన కొత్తలో హడావిడిలో గడిచిపోతుంది. దసరాకి ఇంటికెళ్లి తిరిగొచ్చాక, మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) మార్కులు బోర్డు మీద పడ్డాక, చాలామంది ఒక్కసారిగా కుంగిపోతారు. ఇంటర్‌లో వెయ్యికి 980 వచ్చినవాడికి మిడ్‌లో సగం మార్కులు కూడా రావు. మెస్‌కి రావడం మానేసినవాడు, పగలంతా పడుకునేవాడు, ఫోన్ ఎత్తనివాడు మీ పక్క మంచం మీదే ఉండొచ్చు. పిలిచి భోజనానికి తీసుకెళ్లండి, పక్కన కూర్చోండి, సలహా ఇవ్వాలని లేదు. అవసరమనిపిస్తే టెలీ మానస్ 14416కి కలిసి ఫోన్ చేయండి. 2022లో మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే అతన్ని ఒంటరిగా వదలొద్దు, వెంటనే వార్డెన్‌కి, ఇంటివాళ్లకి చెప్పండి. రహస్యం బయటపెట్టారని వాడికి మీ మీద కోపం వచ్చినా ఫర్వాలేదు.

బ్రాంచి పడలేదని అర్థమైతే ముందు ఒక్కటి తేల్చుకోండి: పడనిది బ్రాంచియా, ఒక సబ్జెక్టా, ఒక మాస్టారి పాఠమా? అదే పాఠం ఎన్‌పీటీఈఎల్‌లో ఇంకొకరి దగ్గర వినండి. అప్పటికీ నచ్చకపోతే దారులున్నాయి, కానీ ఒక్కోదానికి ఒక్కో సమయం ఉంది. స్లైడింగ్ చేరిన మొదటి వారాల్లోనే. చేరాక మారుదాంలే అనుకోవద్దు, ఐఐటీ బాంబే, హైదరాబాద్ లాంటివి కూడా ఇటీవలి ఏళ్లలో మొదటి ఏడాది తర్వాతి బ్రాంచి మార్పును తీసేశాయి. రెండో ఏడాదిలో మైనర్ గురించి అడగండి. బీటెక్ 160 క్రెడిట్లకు (ఒక్కో సబ్జెక్టుకు ఇన్ని అని లెక్కించే పాయింట్లకు) తోడు మరో 18 నుంచి 20 క్రెడిట్లు ఇంకో రంగంలో చేస్తే పట్టాలో మైనర్ పేరు కూడా ఉంటుంది, దానికి సీజీపీఏ (గ్రేడ్ల మొత్తం సగటు) షరతులుంటాయి. మూడో ఏడాదిలో వేరే బ్రాంచీల సబ్జెక్టులు చదివే ఓపెన్ ఎలక్టివ్‌లు. ఆ తర్వాత ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష: 2021 నుంచి అనుమతించిన జతల్లో రెండు పేపర్లు రాయొచ్చు, అలా ఎంటెక్‌కు దారి మళ్లించుకున్నవాళ్లున్నారు.

మొదటి ఏడాది పరీక్షలు అయిపోయాక రెండు పనులు మిగులుతాయి. ఒకటి, కౌన్సెలింగ్ ముందు దించుకున్న ఆ రెండో ఏడాది సిలబస్‌ని మళ్లీ తీసి, ఏ సబ్జెక్టు దగ్గర పేజీ ఆపి చదువుతున్నారో గుర్తు పెట్టుకోండి. మైనర్ అడగాల్సి వచ్చినప్పుడు ఆ గుర్తులు పనికొస్తాయి. రెండోది, హాస్టల్ ఆఫీసులో వచ్చే ఏడాది గది కోసం ఇచ్చే ఫారం. మొదటి ఏడాది గదిని వార్డెన్ లిస్టు చూసి ఇచ్చారు. ఈ ఫారంలో మాత్రం ఎవరితో ఉండాలనుకుంటున్నారో రాసే గీతలు మూడు ఖాళీగా ఉంటాయి. వరండాలో అందరూ గుమిగూడి "నువ్వెవరి పేరు రాశావ్?" అని అడుగుతుంటే ఎవరిదో చూసి రాసేయకండి. ఫారం గదికి తెచ్చుకుని, మీరు మెస్‌కి రాని రోజు ప్లేటులో అన్నం పెట్టి తెచ్చినవాళ్లెవరో గుర్తు తెచ్చుకుని, వాళ్లని అడిగి, పెన్నుతో రాయండి.